బెట్ట పెట్టిన ద్రాక్ష

ఫ్రాన్స్‌లోని బోర్డో ఊళ్లో వైన్ కోసమే ఒక పెద్ద మ్యూజియం ఉంది. 2016లో తెరిచారు. రీల్స్‌లో చూసి చూసి నాకూ వెళ్లాలనిపించింది. టికెట్, వీసా ఖర్చు లెక్కేశాక ఆ ట్యాబ్ మూసేశా. అప్పుడు ఆఫీసులో ఒకరు చెప్పారు, బెంగళూరు పక్కనే నంది కొండల దగ్గర గ్రోవర్ జాంపా వాళ్ల తోట, సెల్లార్ ఉన్నాయని. మా శింగనమల నుంచి వచ్చే దారికి పెద్ద దూరం కూడా కాదు.

ఫిబ్రవరిలో నాయన నా దగ్గరికొచ్చినప్పుడు ఆయన్నీ బయల్దేరదీశా. ఆయన మందు ముట్టడు. "తాగే చోటికి నన్నెందుకురా?" అన్నాడు. "తోట చూద్దువు రా నాయనా" అన్నా. తోట అనేసరికి చెప్పులేసుకున్నాడు.

చిక్కబళ్లాపురం వైపు తెలుగు బాగా నడుస్తుంది. మాకు తోట చూపించిన కుర్రాడూ తెలుగులోనే మాట్లాడాడు. కంపెనీ 1988లో మొదలైందట. నేల మా ఊరి ఎర్రనేల లాంటిదే. కానీ ఇక్కడ ఎత్తు సుమారు 900 మీటర్లు, రాత్రుళ్లు చల్లగా ఉంటుంది. మన దేశంలో చాలాచోట్ల ద్రాక్షకి ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు, పంట మాత్రం ఒక్కసారే తీస్తారు.

లోపల స్టీలు ట్యాంకులు. ద్రాక్షలోని తీపిని ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది. నల్ల ద్రాక్ష రసం కూడా దాదాపు తెల్లగానే ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. రెడ్ వైన్‌కి ఆ రంగు తొక్క నుంచి వస్తుంది. తర్వాత సెల్లార్. బయట ఎండ మాడుతుంటే లోపల చల్లగా, చీకటిగా, వరసగా ఓక్ పీపాలు.

టేబుల్ మీద గ్లాసులు పెట్టారు. గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, కొంచెం నోట్లో పోసుకోవాలి. మింగకుండా ఉమ్మేసినా తప్పు లేదు, అందుకు వేరే గిన్నె ఉంటుంది. కారు నడపాల్సింది నేనే కాబట్టి అన్నీ ఉమ్మేశా. నాయన వాసన ఒక్కటీ చూసి, "పులిసింది" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

అప్పుడు ఆ కుర్రాడు ఒక మాటన్నాడు. కాయ రంగు తిరిగే టైంలో తోటకి నీళ్లు తగ్గిస్తారట. కాయ చిన్నదవుతుంది, రసానికి తొక్క పాలు పెరుగుతుంది, రంగూ రుచీ చిక్కబడతాయి.

నాయన గ్లాసు కింద పెట్టాడు. "బెట్ట పెడతారన్నమాట. మేమూ చీనీకి అదే చేస్తాం. నీళ్లాపితే చెట్టు వాడుతుంది, మళ్లీ కడితే పూత విరగబూస్తుంది. మీరెన్ని రోజులు ఆపుతారు?"

పావుగంట వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. ఆకు చూసి తెలుసుకుంటామని ఆ కుర్రాడు, మేమూ అంతేనని నాయన. మరీ ఎక్కువ ఆపితే ఆకు పనిచేయదు, కాయ పండదు, అందుకే మళ్లీ డ్రిప్ వదులుతామన్నాడు కుర్రాడు. నాయన మెల్లగా అడిగాడు: "వదిలినప్పుడు నీళ్లు రాకపోతే?"

మా చీనీతోట నేను ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఉన్నప్పుడు పోయింది. బోరు ఎండిందని మాత్రమే నాకు తెలుసు. తిరిగొచ్చేటప్పుడు కార్లో మిగతాది చెప్పాడు. ఆ ఏడాది పూత బాగా రావాలని బెట్ట ఇంకో వారం పొడిగించాడట. మోటర్ వేస్తే గాలొచ్చింది. ఆ వారం ముందే నీళ్లు కట్టుంటే తోట బతికేదేమోనని ఇన్నేళ్లూ లోపలే లెక్కేసుకుంటున్నాడు. నా ఫీజు ఆ తోట మీదే నడిచేది కాబట్టి, నాకెప్పుడూ చెప్పలేదు.

"వారంలో ఎండే బోరు కాదు నాయనా, చుట్టుపక్కల అందరి బోర్లూ ఆ ఏడాదే పోయాయి కదా" అన్నా. ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు. "బెట్ట పెట్టేది వేరు, బెట్ట పడేది వేరు లేరా" అన్నాడు.

వైన్ రుచి నాకు పెద్దగా గుర్తులేదు. మీరు వెళ్తే మాత్రం స్నేహితులతో పాటు, ఇంట్లో సేద్యం తెలిసిన మనిషిని ఒకర్ని తీసుకెళ్లండి. సగం టూర్ వాళ్లే చెప్తారు.