విచారణ ముందు, తీర్పు తర్వాత



ఇంట్లో ఒక యంత్రం మొరాయించిన మరుక్షణం నింద ఎవరో ఒకరి మీద పడుతుంది. "నిన్న నువ్వే కదా దాన్ని ముట్టుకున్నావు" అన్న ఒక్క మాటతో చిన్నపిల్లవాడో, కొత్తగా వచ్చిన కోడలో దోషిగా నిలబడవలసి వస్తుంది. నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే నిజానిజాలు విచారించమని దివ్య ఖుర్ఆన్‌లోని 49వ సూరా అల్ హుజురాత్ 6వ వాక్యంలో ఆదేశిస్తుంది. అదే సూరా 12వ వాక్యంలో అనుమానాల గురించి హెచ్చరిస్తుంది. ఈ నిగ్రహం ఇంటి పనిముట్ల విషయంలోనూ మనకు మేలే చేస్తుంది.

ఈ నెల సమస్య చాలా ఇళ్లలో ఎదురయ్యేదే. ఇంట్లో వైఫై ప్రింటర్ ఉంది. ఫోన్ నుంచి పంపితే అచ్చు వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ చక్కగా నడుస్తుంది. కాని ల్యాప్‌టాప్ నుంచి పంపిన పత్రం మాత్రం ప్రింటర్‌ను చేరదు. దరఖాస్తుకు ఆ సాయంత్రమే గడువైతే ఇల్లంతా కంగారు. ఆ కంగారులో కొందరు కొత్త ప్రింటర్ కొంటారు, అది దుబారా. మరికొందరు కంప్యూటర్‌ను పూర్తిగా తుడిపించి మళ్లీ సిద్ధం చేయిస్తారు. దాచుకున్న ఫోటోలు, పత్రాలు పోయే ప్రమాదం అందులో ఉంది. గడువు దగ్గరపడితే పత్రాన్ని ఫోన్‌కు పంపి అక్కడి నుంచే అచ్చు తీయండి. తర్వాత నింపాదిగా కారణం వెతకండి.

ముందుగా సాక్ష్యాలను పరిశీలిద్దాం. ఫోన్ నుంచి అచ్చు వస్తున్నది కనుక ప్రింటర్ బాగానే ఉంది. ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ వస్తున్నది కనుక దాని వైఫై కూడా పనిచేస్తున్నది. కాబట్టి లోపం ఈ రెండింటినీ కలిపే దారిలో ఉండే అవకాశమే ఎక్కువ.

మొదట రెండూ ఒకే వైఫై పేరుకు కలిసి ఉన్నాయో లేదో చూడాలి. చాలా రౌటర్లలో అతిథుల కోసం వేరొక వైఫై ఉంటుంది. దానికి కలిసిన యంత్రానికి ఇంటర్నెట్ అందుతుంది గాని ఇంటిలోని ఇతర పరికరాలు సాధారణంగా అందవు. బంధువులు వచ్చినప్పుడు ఎప్పుడో కలిపిన ఆ వైఫైకే ల్యాప్‌టాప్ మళ్లీ మళ్లీ అతుక్కుంటూ ఉండవచ్చు.

రెండవది వీపీఎన్. ఆఫీసు పని కోసం పెట్టుకున్న వీపీఎన్ నడుస్తుంటే ఇంటి పరికరాలకు దారి మూసుకుపోవచ్చు. దాన్ని కాసేపు ఆపి ప్రయత్నించండి.

మూడవది చిరునామా. రౌటర్ ప్రతి పరికరానికీ ఒక ఐపీ చిరునామా ఇస్తుంది. ఇళ్లలో అది తరచుగా 192.168 అంకెలతో మొదలవుతుంది. ఈ చిరునామా శాశ్వతం కాదు, కొంత గడువుకు ఇచ్చినది. కరెంటు పోయి వచ్చినప్పుడు నిన్న 192.168.1.5గా ఉన్న ప్రింటర్ నేడు 192.168.1.9 కావచ్చు. ఫోన్ సాధారణంగా ప్రింటర్‌ను ఎప్పటికప్పుడు కొత్తగా వెతుక్కుంటుంది. ల్యాప్‌టాప్ పాత చిరునామానే గుర్తుంచుకుని ఖాళీ ఇంటి తలుపు తడుతూ ఉండవచ్చు. ఒకటి పనిచేసి మరొకటి పనిచేయకపోవడానికి తరచుగా ఇదే కారణం. ప్రింటర్ తెరపై నెట్‌వర్క్ వివరాలలో ప్రస్తుత చిరునామా కనిపిస్తుంది. తెర లేని ప్రింటర్లు చాలావరకు ఆ వివరాలను కాగితంపై అచ్చువేసి ఇస్తాయి.

ఆ చిరునామా తెలిశాక విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అనే ఆదేశం పక్కన దాన్ని టైపు చేయండి. జవాబు వస్తే దారి ఉన్నట్లే. అప్పుడు ల్యాప్‌టాప్‌లోని పాత ప్రింటర్‌ను తొలగించి, కొత్త చిరునామాతో మళ్లీ చేర్చితే సరిపోతుంది. గమ్యం అందుబాటులో లేదని వస్తే ఆ చిరునామాలో ఎవరూ పలకలేదని అర్థం; వైఫై పేరును, అంకెలను మరోసారి సరిచూడండి. సమయం మించిపోయిందని మాత్రమే వస్తే ఏదో ఒక రక్షణ గోడ జవాబును అడ్డుకుంటూ ఉండవచ్చు.

మరొక చిక్కు కూడా ఉంది. ఒకే చిరునామాను రెండు పరికరాలు వాడుతుంటే అచ్చు ఒకసారి వస్తుంది, మరొకసారి రాదు. ప్రింటర్‌ను ఆపివేసి మళ్లీ పింగ్ చేయండి. అప్పటికీ జవాబు వస్తుంటే ఆ చిరునామాలో మరెవరో ఉన్నట్లే.

కారణం దొరికిన తర్వాత రౌటర్ సెట్టింగులలో ప్రింటర్‌కు ఒక చిరునామాను స్థిరంగా కేటాయించండి. దాన్ని చీటీపై రాసి ప్రింటర్‌కు అతికించండి. ఈసారి ఇంట్లో ఎవరైనా, చదువుకునే అమ్మాయి అయినా, పెద్దవారైనా, స్వయంగా సరిచూసుకోగలుగుతారు.

ఈ పరీక్షలన్నిటికీ పట్టేది కొద్ది నిమిషాలే. తొందరపడి అన్న ఒక మాట మిగిల్చే నొప్పి మాత్రం చాలాకాలం ఉంటుంది. కారణం తేలాక, అంతకుముందే ఎవరినైనా నిందించి ఉంటే, ప్రింటర్‌ను సరిచేసిన చేతితోనే ఆ మనసునూ సరిచేయడం మన బాధ్యత.

తీర్పుకు ముందు విచారించే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.