రీస్టార్ట్‌ కాదు... కారణం వెతకండి

రేపే పరీక్ష. హాల్‌టికెట్‌ డౌన్‌లోడ్‌ చేసి ప్రింట్‌ ఇచ్చారు. కంప్యూటరేమో ప్రింటర్‌ ‘ఆఫ్‌లైన్‌’ అంటోంది. పక్కనే లైటు వెలుగుతూ ప్రింటర్‌ నిక్షేపంగా కనిపిస్తోంది. అప్పుడు ఏం చేస్తారు? చాలామంది అన్నీ ఆపేసి మళ్లీ ఆన్‌ చేస్తారు. ఒక్కోసారి పనవుతుంది. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. చివరికి ‘ఇది పాడైంది, కొత్తది కొందాం’ అనేస్తారు. జబ్బేమిటో తెలియకుండానే మందులు మార్చడమంటే ఇదే!

ఆఫ్‌లైన్‌ అంటే ప్రింటర్‌ చెడిపోయిందని కాదు. ‘నాకు తెలిసిన చిరునామాలో అది పలకడం లేదు’ అని కంప్యూటర్‌ చెబుతోంది, అంతే. ఇంట్లోని ప్రతి పరికరానికీ రౌటర్‌ ఒక ఐపీ అడ్రస్‌ ఇస్తుంది. అది శాశ్వతం కాదు, కొంత గడువుకే. కరెంటు పోయి వచ్చినా, ప్రింటర్‌ చాలా రోజులు ఆగి ఉన్నా అడ్రస్‌ మారిపోవచ్చు. కంప్యూటర్‌ మాత్రం పాత తలుపే తడుతూ ఉంటుంది.

కాబట్టి వరసగా చూడండి. మొదట ప్రింటర్‌ తెరపైనో, అది ఇచ్చే నెట్‌వర్క్‌ రిపోర్టులోనో ఐపీ అడ్రస్‌ చూసి రాసుకోండి. అది 169.254తో మొదలైతే రౌటర్‌ నుంచి అడ్రస్‌ అందలేదని అర్థం. అప్పుడు వైఫై పేరు, పాస్‌వర్డ్‌ సరిచూడండి. చాలా ఇంటి ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్‌ వైఫై మాత్రమే అందుతుందనీ మరవొద్దు.

అడ్రస్‌ సరిగానే ఉంటే కమాండ్‌ ప్రాంప్ట్‌లో దాన్ని పింగ్‌ చేయండి. జవాబు రాకపోతే దారిలోనే తేడా ఉండొచ్చు. కంప్యూటర్‌ గెస్ట్‌ వైఫైలో ఉందేమో చూడండి. జవాబు వస్తే దారి బాగున్నట్టే, లోపం కంప్యూటర్‌ సెట్టింగ్స్‌లో ఉండొచ్చు. ప్రింటర్‌ ప్రాపర్టీస్‌లోని పోర్టులో పాత అడ్రస్‌ ఉందా? ‘యూజ్‌ ప్రింటర్‌ ఆఫ్‌లైన్‌’కు టిక్‌ పడిందా? క్యూలో పాత ఫైలేదైనా ఇరుక్కుందా? అన్నీ సరిగ్గా ఉన్నా ఆఫ్‌లైన్‌ అంటుంటే, పోర్టు సెట్టింగ్స్‌లో ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్‌’ టిక్‌ తీసి చూడండి.

అడ్రస్‌ మారడమే కారణమని తేలితే శాశ్వత పరిష్కారం ఉంది. రౌటర్‌ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌ ద్వారా ప్రింటర్‌ మ్యాక్‌ అడ్రస్‌కు ఒక ఐపీని కేటాయించండి. కంప్యూటర్‌లో టీసీపీ/ఐపీ పోర్టుకు అదే ఐపీ ఇవ్వండి. ఇక ప్రింటర్‌ ఇల్లు మారదు.

ఇదంతా ఉద్యోగాల పేజీలో ఎందుకంటారా? డెస్క్‌టాప్‌ సపోర్ట్‌, హెల్ప్‌డెస్క్‌ కొలువుల్లో రోజూ ఎదురయ్యే సమస్య ఇదే. ‘యూజర్‌ ప్రింటర్‌ ఆఫ్‌లైన్‌ అంటున్నారు, ఏం చేస్తారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, ‘రీస్టార్ట్‌ చేస్తాను’ అన్న ఒక్క మాట చాలదు. ఎక్కడి నుంచి మొదలుపెడతారు, ఏది చూసి దేన్ని పక్కన పెడతారు అన్నదే మీ పనితనాన్ని చెబుతుంది. డీహెచ్‌సీపీ అంటే ఏమిటో పుస్తకంలో బట్టీ పట్టినవారికీ, ఇంట్లో దాన్ని సరిచేసినవారికీ జవాబులో తేడా తెలిసిపోతుంది.

ఒక్క నియమం పెట్టుకోండి: ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఫలితం రాసుకోవాలి. ఐదు సెట్టింగ్స్‌ ఒకేసారి మారిస్తే ప్రింటర్‌ పనిచేయొచ్చు గానీ, ఎందుకు పనిచేసిందో మీకు తెలియదు. ఆ ‘ఎందుకు’ తెలిసినవారికే రేపు ఇంకో సమస్య వచ్చినా చేయి తిరుగుతుంది. ప్రయోగశాల కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, ఇంట్లో మొరాయిస్తున్న ఆ ప్రింటర్‌తోనే మొదలుపెట్టండి.