ఇంటి పరికరాలకూ గడువు తేదీ ఉండాలి

ఇంటికి కాపలాగా అమర్చుకున్న కెమెరాయే దొంగకు దారి చూపితే బాధ్యులెవరు? ఇంటర్నెట్‌తో అనుసంధానమైన వస్తువులు ఇంటింటా ప్రవేశిస్తున్న తరుణంలో ప్రభుత్వం తేల్చవలసిన ప్రశ్న ఇది.

ఈ భయం ఊహాజనితం కాదు. తయారీదారు పెట్టిన పాస్‌వర్డులతోనే నడుస్తున్న కెమెరాలను, రౌటర్లను 2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రాం వేల సంఖ్యలో వశపరచుకుంది. ఆ ఏడాది అక్టోబరులో వాటి దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు గంటల తరబడి స్తంభించాయి.

మన టెలికం శాఖకు చెందిన ఇంజనీరింగ్ కేంద్రం 2021లోనే ఇటువంటి పరికరాల భద్రతకు నియమావళి రూపొందించింది. అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డు కూడదని, లోపాలను సరిదిద్దే అప్‌డేట్లు అందించాలని అందులో ఉంది. కానీ అది మార్గదర్శకమే తప్ప శాసనం కాదు. సీసీటీవీ కెమెరాలకు మాత్రం 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. ఇది హర్షణీయమే అయినా కెమెరాలతోనే ఆగిపోవడం సమంజసం కాదు. 2023 నాటి డేటా రక్షణ చట్టం వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది. పరికరానికి ఎన్నేళ్లు అప్‌డేట్లు అందాలో అది చెప్పదు.

అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో తయారీదారులు ముందే ప్రకటించాలని బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి చట్టరీత్యా నిర్దేశించింది. పరీక్షల ఖర్చు చిన్న ఉత్పత్తిదారులకు భారమన్న వాదనను తోసిపుచ్చలేము. అయితే గడువు ప్రకటించడానికి ప్రయోగశాల అక్కరలేదు. మందు సీసాపై ఉన్నట్లే ఈ పరికరాల పెట్టెపైనా గడువు తేదీ ఉండాలి. అందుకు నిబంధన తేవడంలో జాప్యం తగదు.