తూనీగ ముఖం కాదు, తోక చూడండి

తూనీగని బాగా దగ్గర నుంచి తీసిన ఫొటో ఎవరికైనా చూపించండి. రెండు మాటల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది. ఒకటి "ఆహా, దేవుడి సృష్టి ఎంత విచిత్రం!" అని. రెండోది "ఏం కెమెరా? ఎంతయింది?" అని. మొదటి మాట అన్నవాడు భక్తుడనీ, రెండో మాట అన్నవాడు ఆధునికుడనీ మనం అనుకుంటాం. నా ఉద్దేశంలో ఇద్దరూ చేసింది ఒకటే పని. ఒకడు ఘనతంతా దేవుడికిచ్చాడు, ఇంకొకడు కెమెరా కంపెనీకిచ్చాడు. తూనీగ గురించి ఒక్క ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇది. మాక్రో లెన్సు హేతువాద సంఘాల చేతిలో ఉండాల్సిన పనిముట్టు. బాబాల మాయల్ని బట్టబయలు చేసే ప్రదర్శనల కంటే ఎక్కువ కాలం పనికొచ్చే పనిముట్టు. కాకపోతే ఒక షరతు ఉంది. ఫొటో అందం కోసం కాదు, సాక్ష్యం కోసం తియ్యాలి.

ఈ మాట నేను గీదం నుంచి రాస్తున్నాను. తెలియని వాళ్ళకి చెబుతున్నాను, గీదం దక్షిణ బస్తర్‌లో, దంతెవాడ జిల్లాలో ఉన్న చిన్న పట్నం. జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు ఇక్కడే చీలి ఒకటి దంతెవాడకీ, ఇంకొకటి బీజాపూర్‌కీ పోతుంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలు దారి కూడా ఈ ఊరి మీదుగానే ఉంది. ఇక్కడికి దగ్గర్లోనే ఇంద్రావతి వైపు బార్సూర్ ఉంది. అక్కడ దొరికిన 11వ శతాబ్దపు తెలుగు శాసనం ఒకటి శివాలయం కట్టించిన సంగతితో పాటు చెరువు తవ్వించిన సంగతి కూడా చెబుతుంది. గుడి గురించి అందరూ మాట్లాడతారు. నాకు చెరువు ముఖ్యం. తూనీగ పుట్టేది నీళ్ళలోనే. రెక్కలు రాక ముందు అది వారాల తరబడి, కొన్ని జాతుల్లో నెలల తరబడి నీటి అడుగున వేటాడుతూ బతుకుతుంది.

ముందు ఈ లెన్సు ఏం చేస్తుందో చూద్దాం. పురుగు ఎంత సైజులో ఉందో కెమెరా సెన్సరు మీద బొమ్మ కూడా అంతే సైజులో పడితే దాన్ని ఒకటికి ఒకటి నిష్పత్తి అంటారు. 60 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ నిష్పత్తి రావాలంటే పురుగు మీదకి వంగిపోవాలి. తూనీగ అంతసేపు ఊరుకోదు. అందుకే 100 నుంచి 180 మిల్లీమీటర్ల లెన్సులు వాడతారు, కాస్త దూరం నుంచే పని జరుగుతుంది. అయితే అంత దగ్గరలో ఫోకస్ లోతు చాలా తక్కువ. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఒకటికి ఒకటి దగ్గర ఎఫ్ 8 పెడితే స్పష్టంగా వచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు మందం మాత్రమే. కన్ను స్పష్టంగా వస్తే రెక్క మసకగా ఉంటుంది. ఒళ్ళంతా స్పష్టంగా రావాలంటే కాస్త వెనక్కి జరిగి, కెమెరాని దాని పక్కవాటుకి సమాంతరంగా పట్టుకోవాలి. గాలి వీస్తే ఆగాలి. తెల్లవారుజామున చలికి తూనీగ ఎగరలేక గడ్డిపోచ పట్టుకుని ఉంటుంది. నిదానంగా ఫొటో తీసుకోవడానికి అదే అదను.

ఖరీదు మాట అడిగేవాళ్ళకి కూడా జవాబు చెబుతాను. పాత 50 మిల్లీమీటర్ల లెన్సుని చవకైన రింగుతో తిరగేసి బిగిస్తే అదే మాక్రో లెన్సవుతుంది. ఫోనుకి తగిలించే క్లిప్ లెన్సుతో కూడా మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు దేవుడి సృష్టి మాటకొద్దాం. తూనీగ కన్ను నిజంగానే గొప్పది. కొన్ని జాతుల్లో ఒక్కో కంటిలో 30 వేల దాకా చిన్న కళ్ళుంటాయి. ఆకాశం వైపు ఉన్నవి పెద్దవిగా, నేల వైపు ఉన్నవి చిన్నవిగా ఉంటాయి. "ఇంత చక్కటి కన్ను దానంతటదే వస్తుందా?" అని భక్తులు అడుగుతారు. సరే, అదే లెన్సుని ఇంకాస్త కిందికి తిప్పండి. నీళ్ళలో ఉన్న తూనీగ పిల్ల మడత పెట్టుకున్న దవడని విసిరి తన జాతి పిల్లల్నే తినేస్తుంది. రెక్కలు మూసుకుని కూర్చునే సన్న తూనీగల్లో ఒక జాతి మగది, జత కట్టేటప్పుడు అంతకు ముందు మగది వదిలిన వీర్యాన్ని గోకి బయటికి తీసేస్తుంది. ఈ సంగతిని 1979లో జొనాథన్ వాగీ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు. కన్ను చూసి దేవుడికి దండం పెట్టేవాళ్ళు దీనికి కూడా పెడతారా? పరిణామ సిద్ధాంతానికి ఆ ఇబ్బంది లేదు. వేట దొరికించుకోవడానికి ఉపయోగపడిన కన్ను నిలిచింది, సంతానం మిగుల్చుకోవడానికి ఉపయోగపడిన గోకుడు కూడా నిలిచింది. అందాన్నీ క్రూరత్వాన్నీ ఒకే సూత్రం వివరిస్తోంది.

భక్తుల సంగతి అలా ఉంచి ఫొటోగ్రాఫర్ల దగ్గరికొద్దాం. చలిలో లేచే ఓపిక లేనివాళ్ళు కొందరు తూనీగని పట్టుకొచ్చి ఫ్రిజ్‌లో పెడతారు. అది కదల్లేని స్థితికొచ్చాక తీసి కొమ్మ మీద కూర్చోబెడతారు. కొందరు గమ్ముతో అంటిస్తారు. పైన నీళ్ళు చల్లి మంచుబిందువులంటారు. విభూతి ఉండని ముందే వేళ్ళ మధ్య దాచుకున్న బాబాకీ, ఫ్రిజ్‌లోంచి తీసిన తూనీగకి "అడవిలో ఉదయం" అని పేరు పెట్టినవాడికీ తేడా ఏమిటో నాకు అర్థం కాదు. బాబాని నిలదీసే మనం ఈయనకి మాత్రం బహుమతి ఇచ్చి శాలువా కప్పుతున్నాం.

ఇంకో సంగతి ఉంది. నిజాయితీగా తీసిన ఫొటోలు కూడా చాలా వరకు ముఖం ఫొటోలే. పెద్ద కళ్ళు, నవ్వుతున్నట్టు కనిపించే నోరు. చూడ్డానికి బాగుంటాయి. కానీ ముఖాన్ని బట్టి అది ఏ జాతో చెప్పడం చాలాసార్లు కుదరదు. చాలా జాతుల్ని తేల్చేది మగదాని తోక చివర ఉండే చిన్న పట్టకారు లాంటి భాగాలూ, రెక్కల్లోని ఈనెలూ. 1933 నుంచి 1936 మధ్య మూడు సంపుటాల్లో భారతదేశపు తూనీగల్ని వర్ణించిన ఫ్రేజర్ ఆధారపడింది కూడా ఇలాంటి గుర్తుల మీదే. ఆయన వృత్తిరీత్యా సైన్యంలో డాక్టరు. చచ్చిన తూనీగ రంగు త్వరగా మాసిపోతుంది కాబట్టి రంగుల విషయంలో ఫొటోయే మేలు. అయితే తోకని పక్క నుంచీ, పై నుంచీ తీసి, తేదీ, ఊరూ, ఏ నీటి దగ్గర తీశామో రాసి పెట్టాలి. అది లేని ఫొటో గోడకి తగిలించుకునే క్యాలెండరే.

జాతి తేల్చడం ఎందుకని అడగొచ్చు. చెరువు మీద తూనీగలు ఎగురుతుంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని ఒక మాట ప్రచారంలో ఉంది. కానీ మన ఊళ్ళలో మురుగు నీటి మీద గుంపులుగా కనిపించే నారింజ రంగు తూనీగ ఒకటుంది. శాస్త్రీయ నామం బ్రాకీథెమిస్ కంటామినాటా. ఇంగ్లీషులో డిచ్ జ్యూయెల్ అంటారు, అంటే మురుగుకాలవ రత్నం. చెరువు మీద అదొక్కటే మిగిలిందంటే సంతోషించాల్సిన పని లేదు. బైలదిల గనుల వైపు నుంచి వచ్చే శంఖిని నది ఇనుప మట్టితో ఎర్రబడిందని ఈ జిల్లాలో ఎన్నాళ్ళుగానో ఫిర్యాదు ఉంది. ఆ నది పైనా, పక్క వాగుల పైనా ఏ జాతులు ఉన్నాయో, ఏవి కనబడకుండా పోయాయో ఏళ్ళ తరబడి తేదీలతో ఫొటోలుంటే అది సాక్ష్యం అవుతుంది. "అప్పట్లో బోలెడు తూనీగలుండేవి" అన్న మాటని ఏ అధికారీ పట్టించుకోడు.

ఇక్కడి పిల్లలతో జరిగిన చిన్న సంగతి చెబుతాను. ఊరి బయట చెరువు దగ్గర ఎర్ర తూనీగని తీస్తుంటే హైస్కూలు కుర్రాళ్ళు ముగ్గురు చుట్టూ చేరారు. స్క్రీన్ మీద పెద్దది చేసి చూపిస్తే దాని గుండె కింద ఎర్ర పూసల్లాంటివి అంటుకుని ఉన్నాయి. "గుడ్లు సార్" అన్నాడు ఒకడు. తోక చివర చూపించి ఇది మగది అన్నాను. "అయితే గుడ్లు కావు" అన్నాడు రెండోవాడు. మూడోవాడు ఒప్పుకోలేదు. చెరువులో ఒక పురుగుందట, దాని వీపు మీద గుడ్లుంటాయట, మగది మోయకూడదని రూలేముంది అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమైనది. నీటి నల్లుల్లో మగవే గుడ్లు మోస్తాయి. అందుకని మగదన్న ఒక్క కారణంతో తేల్చడం కుదరదు. లెన్సు తిరగేసి ఇంకా దగ్గరగా తీశాం. పూసకి చిన్న చిన్న కాళ్ళు కనిపించాయి, నోటితో కరుచుకుని ఉంది. గుడ్డుకి కాళ్ళుండవు. అవి తూనీగ రక్తం తాగి బతికే నీటి పేలు. పది నిమిషాల్లో ఒక ఊహ, దానికి ఆక్షేపణ, ఆ ఆక్షేపణకి ఇంకో ఆక్షేపణ, చివరికి మళ్ళీ చూసి తేల్చుకోవడం, అన్నీ అయిపోయాయి. శాస్త్రీయ దృక్పథం మీద నేను ఉపన్యాసమిస్తే ఆ కుర్రాళ్ళు ఆవలించేవారు.

ఈ అలవాటు ఇక్కడ ఎందుకంత అవసరమో చెప్పాలి. ఈ రాష్ట్రంలో జ్వరమొచ్చినా, బిడ్డ చచ్చిపోయినా ఎవరో ఒక ఆడమనిషిని టోన్హీ, అంటే మంత్రగత్తె అని కొట్టి చంపిన ఘటనలున్నాయి. అలా ముద్ర వెయ్యడాన్ని నేరం చేస్తూ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో ప్రత్యేక చట్టం తెచ్చింది. రాయ్‌పూర్‌లో దీని మీద ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి పనిచేసిన దినేశ్ మిశ్రా కళ్ళ డాక్టరు. చట్టం చెయ్యెత్తినవాడిని శిక్షించగలదు. జ్వరానికి కారణం పక్కింటి ముసలమ్మ కాదని నమ్మించలేదు. అది నమ్మాలంటే కారణాన్ని వెతికి చూసే అలవాటు ముందుండాలి.

మన తెలుగు నేల మీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. మలేరియా అనే మాటకి ఇటలీ భాషలో చెడు గాలి అని అర్థం. చెడు గాలి వల్లే జ్వరమొస్తుందని చదువుకున్న డాక్టర్లే నమ్మిన కాలమది. రొనాల్డ్ రాస్ రెండేళ్ళ పాటు దోమల్ని కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఏమీ దొరకలేదు, ఎందుకంటే అవి మలేరియాని మోసే జాతులు కావు. రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమ దొరికాక, 1897 ఆగస్టు 20న సికిందరాబాదు బేగంపేటలో దాని కడుపులో పరాన్నజీవిని కనిపెట్టాడు. దోమలన్నీ ఒకటే అనుకుని ఉంటే ఆయన ఇంకెన్నాళ్ళు వెతికేవాడో!

తూనీగ దోమల్ని తింటుంది కదా, పెంచితే మలేరియా పోదా అని ఉత్సాహపడే మిత్రులుంటారు. తొందరపడకండి. యాంగోన్‌లో ఇళ్ళలోని నీళ్ళ తొట్లలో ఎర్ర తూనీగ పిల్లల్ని వదిలితే ఏడిస్ దోమ బాగా తగ్గిందని 1990లో ప్రచురించిన పరిశోధన ఉంది. కానీ ఏడిస్ డెంగీ దోమ, తొట్లలో పెరుగుతుంది. మలేరియా దోమ వేరు, అది పెరిగే నీళ్ళు వేరు, రాత్రి పూట కుడుతుంది. తొట్టిలో రుజువైనదాన్ని అడవికి అంటగట్టకూడదు. బస్తర్‌లో 2020లో మొదలుపెట్టిన మలేరియా ముక్త్ కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్ళి రక్తం పరీక్షించి మందులిచ్చారు. జ్వరానికి కావలసింది ఆ పరీక్షా, మందూ, దోమతెరా. తూనీగని తాయెత్తు చేస్తే మనమూ ఇంకో మూఢనమ్మకం పుట్టించినవాళ్ళమవుతాం.

ఇక మన సంఘాల సంగతి. నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిప్పుల మీద నడవడం, గాల్లోంచి విభూతి తియ్యడం, ఇవన్నీ మనం వేదికల మీద చేసి చూపించాం. అవసరమే, కాదనను. కానీ ఆ ప్రదర్శన అయ్యాక జనం ఇంటికి తీసుకెళ్ళేదేమిటి? ఫలానా బాబా దొంగ అన్న సమాచారం. రేపు ఇంకో బాబా ఇంకో ట్రిక్కుతో వస్తాడు. మనం ఎంతో గౌరవించే కోవూరు బాబాల్ని సవాలు చెయ్యక ముందు వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారని మరిచిపోతున్నాం. శాస్త్రీయ దృక్పథాన్నీ, పరిశోధనా స్ఫూర్తినీ పెంచుకోవడం పౌరుడి బాధ్యత అని 1976 నుంచి రాజ్యాంగంలోనే ఉంది. ఆ స్ఫూర్తి ఉపన్యాసాల వల్ల వచ్చేదైతే ఈపాటికి వచ్చి ఉండేది.

"తిండీ, ఆసుపత్రీ లేని చోట లెన్సులేమిటి, ఇదంతా పట్నపు సరదా" అని కొందరంటారు. ఆసుపత్రి అడగొద్దని నేననలేదు. అయినా ఆదివాసీ పిల్లలకి చూడ్డం మనం నేర్పుతున్నామనుకోవడం అహంకారం. ఎర్ర చీమల గూడు ఏ కొమ్మకుందో, చట్నీకి ఎప్పుడు దులపాలో వాళ్ళకి తెలుసు. నీటి నల్లి వీపు మీద గుడ్ల సంగతి నా పుస్తకంలోంచి రాలేదు, ఆ కుర్రాడి నోట్లోంచే వచ్చింది. మనం అందించాల్సింది లెన్సు, ఒక నోటుబుక్కు, "నీకెలా తెలుసు?" అనే ప్రశ్న. ఆ ప్రశ్న వాళ్ళు రేపు సిరహాని అడుగుతారు, కంపెనీవాళ్ళని అడుగుతారు. మనల్ని కూడా అడుగుతారు, అడగాలి.

కాబట్టి మిత్రులారా, మీ సంఘం ఈసారి సభ పెట్టినప్పుడు హాలుకి కట్టే అద్దె డబ్బులతో నాలుగు క్లిప్ లెన్సులు కొనండి. పిల్లల్ని దగ్గర్లో ఉన్న చెరువు దగ్గరికి తీసుకెళ్ళండి. తూనీగని పట్టుకోవద్దని, ఫొటో కింద తేదీ రాయమని చెప్పండి. ముఖం ఎలాగూ తీస్తారు. తోక కూడా తియ్యమనండి.