ఆదివారం ఫోనూ, పిన్ని కూతురి పేపరూ

గత నెల ఈ పేజీలో రక్తపోటు గురించి రాస్తూ ఊరగాయలు తగ్గించమన్నందుకు ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు. అందుకని ఈ నెల మందుల జోలికి పోవడం లేదు. అదీగాక, మొన్న ఉగాది భోజనాల దగ్గర నలుగురు ఒకే మాట అడిగారు. "మా తమ్ముడి కొడుకు ఐ.ఏ.ఎస్.కి చదువుతున్నాడు డాక్టరుగారూ, కరెంట్ అఫైర్సుకి ఇక్కణ్ణించి ఏం పంపమంటారు?" అని. పంపవలసింది పెద్దగా ఏమీ లేదని నా అనుభవం. ఆ అనుభవం కాస్త సిగ్గుపడి నేర్చుకున్నది.

నాకు ఈ విషయంలో ఉన్న అర్హత ఒక్కటే. కాకినాడలో హౌస్‌సర్జనుగా ఉన్న ఏడాది నేనూ ఒకసారి సివిల్స్ ప్రిలిమినరీ రాసి, తప్పి, ఆ సంగతి ఇంట్లో ఎక్కువమందికి తెలియకుండా జాగ్రత్తపడ్డాను. ఎం.బి.బి.ఎస్. చదివినవాడికి జనరల్ నాలెడ్జి ఒక లెక్కా అన్న ధీమా అప్పట్లో ఉండేది.

మా పిన్ని కూతురు అవనిగడ్డ దగ్గర పల్లెటూళ్ళో ఉంటుంది. హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది తీసుకుని, చిక్కడపల్లి గ్రంథాలయంలో కుర్చీ కోసం తెల్లవారక ముందే క్యూలో నిలబడి, రెండేళ్ళు చదివింది. తరువాత ఢిల్లీ పోదామనుకుంది. టిక్కెట్టు కూడా కొన్నది. ఇంతలో 2024 జులై 27న అక్కడ పాత రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణ కేంద్రం సెల్లారులోకి వాననీరు చొరబడి, చదువుకుంటున్న ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ వార్త టీవీలో చూసిన మా పిన్ని టిక్కెట్టు చించేసింది. "చదివితే ఇక్కడే చదువు, లేకపోతే సంబంధాలు చూస్తాం" అన్నది. ఓపెన్ కేటగిరీ వాళ్ళకు ముప్ఫై రెండేళ్ళ లోపు ఆరుసార్లే అవకాశం. దానికి అయిదు అయిపోయాయి. మిగిలింది ఒకటి.

అన్నయ్యను కదా, నా వంతు సాయం చెయ్యాలనిపించింది. ఇంగ్లండు పత్రికల నుంచి కత్తిరించిన కాగితాలు ఒక పెద్ద కవరు నిండా పోస్టు చేశాను. అంతటితో ఆగక, ఎవరెవరో తయారుచేసిన నెలవారీ సంకలనాలు, ఒక్కొక్కటి నూటయాభై పేజీలది, ఫోనుకు పంపించాను. ప్రిలిమినరీ సిలబస్సులో మొదటి వాక్యమే జాతీయ, అంతర్జాతీయ ప్రాముఖ్యం గల వర్తమాన సంఘటనలు అని ఉంటుంది. దానికి గట్టూ లేదు, సరిహద్దూ లేదు. కాబట్టి ఎంత ఎక్కువ పంపితే అంత మంచిదనుకున్నాను.

ప్రతి ఆదివారం నేను ఫోను చేస్తాను. ఇక్కడ వేసవిలో పొద్దున తొమ్మిదయితే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, వాళ్ళ భోజనాలు అయిపోయే వేళ. ఒక ఆదివారం అది నన్ను ఎదురు ప్రశ్న వేసింది.

"అన్నయ్యా, ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోవి కదా. మరి 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ కేంద్రం ఏ అధికారంతో పెట్టింది?"

నేను తెల్లమొహం వేశాను. "ప్రధానమంత్రి టీవీలో చెప్పారుగా" అన్నాను. అవతల నవ్వు వినిపించింది. ఆ మార్చిలో నేను స్వదేశంలోనే, ఒక ఆసుపత్రి వార్డులో, రెయిన్‌కోటు లాంటి దుస్తుల్లో చెమటలు కక్కుతున్నాను. ఆ రోజుల వార్తలు నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ. అయినా జవాబు తెలియదు.

అది చెప్పింది. కేంద్రం వాడింది 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం. రాష్ట్రాలు వాడుకున్నది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు రేగినప్పుడు తెల్లదొరలు హడావుడిగా చేసిన చట్టమది, మొదట్లో నాలుగే సెక్షన్లు. ఇక అంటువ్యాధి ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పాకకుండా ఆపడం అనేది ఉమ్మడి జాబితాలో 29వ అంశంగా వేరే ఉంది. "అందుకని కేంద్రం, రాష్ట్రం, రెండింటి చెయ్యీ ఉంటుంది" అన్నది.

అంతటితో ఊరుకోలేదు. "నీకోసం కూడా ఒక చట్టం చేశారు, తెలుసా?" అని అడిగింది. వైద్య సిబ్బంది మీద దాడులు జరుగుతున్నాయని 2020 ఏప్రిల్ 22న ఆ పాత చట్టాన్నే సవరిస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. చెయ్యి చేసుకుంటే మూడు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు, గాయం తీవ్రమైతే ఏడేళ్ళ దాకా. పార్లమెంటు కూడి లేదు గనక 123వ అధికరణం కింద రాష్ట్రపతి జారీ చేశారు. సభలు కూడిన ఆరు వారాల్లో చట్టం కాకపోతే చెల్లదు గనక సెప్టెంబరులో చట్టం చేశారు. మా వార్డు బయట ఒక పెద్దమనిషి కుర్చీ ఎత్తినప్పుడు నేను పారిపోయి స్టోరు గదిలో దాక్కున్నాను. నన్ను కాపాడటానికి వచ్చిన చట్టం సంగతి ఇన్నేళ్ళ తరువాత మా చెల్లెలు చెబితే తెలిసింది!

వైద్యుడిగా నాకిది ముందే తట్టవలసింది. జ్వరమని వచ్చిన మనిషికి థర్మామీటరు అంకె చదివి పంపించం కదా. నేను పంపిన సంకలనాలన్నీ థర్మామీటరు అంకెలే.

దాని పద్ధతి అడిగాను. ఒక పొడుగు నోటుపుస్తకం. కుడి పేజీలో వార్త, రెండు లైన్లకు మించకుండా. ఎడమ పేజీలో ఆ వార్త ఏ అధికరణం మీద, ఏ చట్టం మీద, ఏ సంస్థ మీద నిలబడిందో, అంతకుముందు ఏం జరిగిందో. ఎడమ పేజీ నిండకపోతే ఆ వార్త వదిలేస్తుంది. రోజుకు మూడో నాలుగో వార్తలు మిగులుతాయట. నేను పంపిన నూటయాభై పేజీల్లో దానికి పనికొచ్చినవి ఎన్ని అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఎడమ పేజీ ఎలా ఉంటుందో చెప్పమంటే కృష్ణా జలాల పేజీ చదివి వినిపించింది. వార్త చిన్నదే. 2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం, రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కృష్ణా నీటి పంపకాన్ని కూడా రెండో కృష్ణా ట్రిబ్యునల్ పరిశీలనకు అప్పగించింది. అంతే. ఇక ఎడమవైపు: 262వ అధికరణం, దాని కింద 1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం. 1969లో బచావత్ ట్రిబ్యునల్. నూరేళ్ళలో డెబ్బైఅయిదేళ్ళు నమ్మకంగా వచ్చే నీరు 2060 టి.ఎం.సి. అని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పొలాల్లో పారి మళ్ళీ నదిలోకి ఊరి వచ్చే నీటిలో మన వాటా ఇంకో 11. మొత్తం 811. 2014లో రాష్ట్రం రెండయింది. 2015లో తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. రెండూ కూడి చూడండి.

ఇది చదువుతుండగా పక్కనే మంచం మీద పడుకున్న బాబాయి లేచి కూర్చున్నాడట. ఆయనది శివారు పొలం, కాలవ నీళ్ళు అందరికంటే ఆలస్యంగా వచ్చే చోటు. కూతురు పేపర్లు కత్తిరించడం చూసి "పొట్లాలు కట్టుకోవడానిక్కూడా పనికిరాకుండా చేస్తోంది" అని విసుక్కునే మనిషి. "మరి మన డెల్టాకెంత రాశాడే ఆ జడ్జీ?" అని అడిగాడు. "నూట ఎనభై ఒకటీ పాయింటు రెండు, నాన్నా" అన్నది. ఆయన కాసేపు ఊరుకుని, "నీళ్ళెప్పుడు వదుల్తారని అడుగుతూనే ముసలాణ్ణయ్యాను. మనకెన్ని ఉన్నాయని ఒక్కసారీ అడగలేదు" అన్నాడు. తరువాత, "ఇంత గొడవెందుకు, తిన్నగా సుప్రీంకోర్టుకు పోతే తేలదా?" అన్నాడు. ఇలాంటి నీటి తగాదాలను కోర్టుల పరిధి నుంచి తప్పించే అధికారం 262లోనే పార్లమెంటుకు ఇచ్చారని, 1956 చట్టం 11వ సెక్షనులో ఆ పని చేశారని అది చెప్పింది. అలా అయినా రాష్ట్రాలు కోర్టు మెట్లు ఎక్కుతూనే ఎందుకుంటాయన్నది మెయిన్సులో రాయవలసిన జవాబని, అది నాలుగు పేజీలు రాసుకుందట. బాబాయి ఇప్పుడు పేపరు రాగానే కృష్ణా బోర్డు వార్త ఉందేమో తనే వెతికి, కత్తెర అందిస్తున్నాడు.

పాత పద్ధతిలో బట్టీ పట్టినప్పుడు దానికి జరిగిన నష్టం కూడా చెప్పాలి. ప్రిలిమినరీ మొదటి పేపరులో నూరు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి రెండు మార్కులు, తప్పు రాస్తే మూడోవంతు కోత. పూర్వం నాలుగు వాక్యాల్లో ఒకటి తప్పని తెలిస్తే చాలు, మిగతావి కొట్టేసుకుంటూ జవాబు పట్టుకోవచ్చు. 2023లో చాలా ప్రశ్నలు పై వాక్యాల్లో ఎన్ని సరైనవి, ఒకటా, రెండా, మూడా అని వచ్చాయి. అన్నీ తెలిస్తే తప్ప లాభం లేదు. పుస్తకాల్లో గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరిగినవాళ్ళు అక్కడ చిక్కుకున్నారు. అది మా చెల్లెలు తప్పిన పరీక్షల్లో ఒకటి.

తెలుగు పేపరు చదివితే ఏం వస్తుందని మనలో కొందరికి చిన్నచూపు. 2016 పరీక్షను తెలుగులో రాసి దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లా రోణంకి గోపాలకృష్ణగారి పేరు గుర్తు చేస్తున్నాను.

కాబట్టి ఉగాదినాడు అడిగిన నలుగురికీ నా సలహా. పంపడం మానండి. వారానికొక రోజు ఫోను చేసి, ఆ వారం చదివిన ఒక వార్త మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. అర్థం కాకపోతే మొహమాటపడకుండా "ఎందుకు?" అనండి. మనకు తెలియకపోవడమే ఇక్కడ ఉపయోగం. మార్కుల సంగతి, సంబంధాల సంగతి మాత్రం ఆ అరగంటలో ఎత్తకండి.

ఈ వారం మా చెల్లెలు నాకు ఇంటిపని ఇచ్చింది. నేను పట్టా పుచ్చుకున్న రోజుల్లో ఉన్న మెడికల్ కౌన్సిల్‌ను తీసేసి, 2020 సెప్టెంబరు 25 నుంచి నేషనల్ మెడికల్ కమిషన్ ఎందుకు తెచ్చారు, డాక్టర్లు ఎన్నుకునే సభ్యులకు బదులు ఎక్కువమందిని నియమించడం మంచిదా చెడ్డదా అని. డాక్టరువి గనక ఈసారి తప్పించుకోలేవన్నది. సంఘం బీరువాలోని భారత రాజ్యాంగం తెలుగు ప్రతి కోసం ఎవరో వెతికారని కార్యదర్శిగారు చెప్పారు. అది నా దగ్గరే ఉంది, పద్దులో రాయడం మరిచాను. ఇంకో రెండు ఆదివారాలు ఓపిక పట్టండి.