దుఃఖం సంగతి సరే, చికిత్స మాటేమిటి?



దుఃఖాన్ని కూడా డాక్టర్లు జబ్బుగా మార్చేశారన్న గత సంచిక వ్యాసం సగం కథే చెప్పింది. ఆత్మీయులు పోయిన తొలి రెండు నెలల్లో సాధారణంగా డిప్రెషన్ అని తేల్చకూడదన్న పాత మినహాయింపును 2013లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ఎత్తేసిన మాట నిజమే. అంతకుముందటి డీఎస్ఎం-4కు సారథ్యం వహించిన అలెన్ ఫ్రాన్సిసే దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. కానీ మామూలు శోకాన్నీ డిప్రెషన్‌నూ వేరుచేసి చూడమని అదే పుస్తకం వైద్యులకు చెప్పింది. వ్యాసకర్త ఆ ఊసే ఎత్తలేదు. పాత పద్ధతిలో, అవే లక్షణాలతో ఉద్యోగం పోయి కుంగినవాడు రోగి, భార్య పోయి కుంగినవాడు కాదు! ఇదేం న్యాయం?

2022లో అమెరికన్లు దీర్ఘశోకాన్ని రుగ్మత అనడానికి ఏడాది గడువు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11కు ఆర్నెల్లు చాలు. ఆచారాలకు మించిన శోకమై ఉండాలన్న షరతు ఉన్నా, సంవత్సరీకమైనా కాని ఇంట్లో ఆ మాట అనడం నాకూ మింగుడుపడదు.

అయితే మామూలు శోకాన్నీ జబ్బు అనేస్తారన్న అమెరికా భయాన్ని యథాతథంగా మన మీద రుద్దడం వేరు. మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మంది రోగులకు ఇక్కడ చికిత్సే అందడం లేదు. ఇక ముద్ర వేస్తారన్న భయానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో జవాబుంది: సమాజపు కట్టుబాట్లకు ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా నిర్ధారించరాదు. ఇళ్లలో, పోలీసు స్టేషన్లలో అది ఎంతవరకు అమలవుతోందో ఆ వ్యాసకర్తే రాస్తే చదవాలని ఉంది.

— ఒక పాఠకురాలు, తెనాలి