హెడ్‌ఫోన్లు కాసేపు తీసేద్దాం

ఖరగ్‌పూర్‌కు రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిపోయిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. బదిలీల మీద తిరిగే మనకు మాత్రం ఇది ఒక మజిలీ. 88 మెట్ల పియానోను ఊరూరా మోసుకుపోలేం. 61 మెట్ల ఎలక్ట్రానిక్ కీబోర్డయితే దుప్పట్లో చుట్టి సామానుతో పాటు తీసుకుపోవచ్చు.

కీబోర్డులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తే ఒకే గదిలో పదిమంది చిన్నపిల్లలకు నేర్పవచ్చు. ఒకరి తప్పు మరొకరికి వినబడదు. బిడియపడే పిల్లలకు అది మేలే. కానీ తరగతి మొత్తం అలాగే సాగితే పదిమందీ ఎవరికి వారే నేర్చుకున్నట్టు. పియానోను బృందంగా నేర్పడం కొత్తేమీ కాదు. డబ్లిన్‌లో లోజియర్ అనే గురువు చేతులు కుదురుగా ఉంచే పరికరానికి 1814లో పేటెంటు పొందాడు. ఆయన పిల్లలందరి చేతా ఒకేసారి వాయించేవాడు. మన సంగీత గురువులూ సరళీ స్వరాలు అందరి చేతా కలిపి పాడిస్తారు. పక్కవారిని వింటేనే కదా తాళం కుదిరేది!

అందుకే చివరి పది నిమిషాలు హెడ్‌ఫోన్లు తీసి అందరూ కలిసి వాయించాలని మా అభిప్రాయం. ఏడాది మధ్యలో వచ్చి చేరినవారికి పాఠం రాకపోయినా ఫరవాలేదు. 'స' మెట్టు నొక్కి పట్టి శ్రుతి ఇవ్వవచ్చు. మొదటి రోజే జట్టులో ఒకరైపోతారు. కొత్త బడిలో మనకు ముందు కావలసింది అదే కదా!